ఈ రాత్రి మన వంతు

చెరువు కింద మడి ఉన్న ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఒక మాట ఇప్పటికీ చెవిలో ఉంటుంది. "ఈ రాత్రి మన వంతు." ఆ మాట వినపడ్డ రోజు ఇంట్లో పొయ్యి తొందరగా ఆరేది. పార, లాంతరు, గొంగడి గడప దగ్గరికి చేరేవి. అర్ధరాత్రి దాటాక ఎగువ మడివాళ్ళు తమ గండి పూడ్చి, నీళ్ళు కిందికి వదిలి, "వచ్చినయి, చూసుకో బావా" అని ఒక కేక వేసి ఇంటిదారి పట్టేవాళ్ళు. పగలు ఎదురుపడితే మొహం తిప్పుకునే పాలివాళ్ళు కూడా కాలువ గట్టు మీద ఆ ఒక్క మాట మాట్లాడుకోక తప్పేది కాదు.

ఆ రోజులు తలచుకున్నప్పుడల్లా "అప్పటి మనుషులు మంచివాళ్ళు, అన్నీ పంచుకునేవాళ్ళు" అంటారు. అది అంత నమ్మదగ్గ మాట కాదు. గట్ల దగ్గర పారలతో తలలు పగిలిన ఊళ్ళు తక్కువేం లేవు. నీళ్ళు పంపకమయ్యాయంటే లెక్క ఉంది కనుక. ఆ లెక్క అందరికీ కనపడేది, తప్పితే ఎవడు తప్పాడో తెల్లారేసరికి ఊరంతా తెలిసిపోయేది. ఆ లెక్క ఎలా నడిచేదో తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించింది. రోజుకు వెయ్యి మంది మనుషులు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళు పట్టిందని అందులో రాశారు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు చెప్పి, ఆ తర్వాత ఆరు దోషాలు చెబుతుంది. కట్టలోంచి నీరు ఊరడం, నేల చవుడు కావడం, చెరువు నడుమ తాబేటి వీపులా మెరక ఉండటం ఇంజనీర్లు చెప్పే దోషాలే. మిగిలిన మూడూ చూడండి: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం, నీళ్ళు తక్కువై తడపాల్సిన నేల ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై నేల తక్కువ కావడం. ఇవి పంపకం దోషాలు. కట్ట ఎంత గట్టిగా ఉన్నా ఈ మూడింట్లో ఒక్కటున్నా చెరువు నిలవదని ఆరున్నర శతాబ్దాల కిందటే రాయి మీద చెక్కించారు.

సరిహద్దు దోషం గొలుసుకట్టు చెరువుల కింద ఇప్పటికీ తెలుస్తుంది. పై చెరువు నిండి అలుగు పారితేనే కింది చెరువుకు నీళ్ళు. ఆ అలుగును తెలంగాణలో మత్తడి అంటారు, రాయలసీమలో మరవ అంటారు. ఏ పేరుతో పిలిచినా దాని ఎత్తు ఒక ఒప్పందం. పై ఊరివాళ్ళు దాని మీద రెండు వరసల ఇసుక బస్తాలు పేర్చారంటే వాళ్ళకు ఇంకో జానెడు నీళ్ళు నిలుస్తాయి. కింది ఊరికి చుక్క రాదు. శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, సాగు చేసుకున్నవాళ్ళ పంట మునుగుతుంది. పెద్దవాన పడితే అలుగు మీంచి పోవాల్సిన నీళ్ళు కట్ట మీంచి దూకుతాయి. మట్టికట్ట మీంచి నీళ్ళు పారడం మొదలైతే ఇక ఆపే మనిషి లేడు. పైది తెగితే గొలుసులో కిందివి వరసగా తెగుతాయి. అందుకే వానాకాలంలో కింది ఊరి పెద్దమనుషులు పై ఊరి అలుగు చూసి రావడం మర్యాద కోసం కాదు, తనిఖీ కోసం.

చెరువులోంచి కాలువకు నీళ్ళు వదిలే తూము సంగతి కాస్త దగ్గరగా చూడాలి. పాత తూముకు షట్టరు లేదు, చక్రం లేదు. కట్టకు లోపలివైపు నీళ్ళలో రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డబండలు. ఆ బండల కన్నాల్లోంచి ఒక పొడవాటి కర్ర కిందికి దిగుతుంది. అడుగున పరిచిన బండకు గుండ్రటి రంధ్రం ఉంటుంది. కర్ర కొసన శంకువు ఆకారంలో చెక్కిన చెక్క ఆ రంధ్రంలో బిరడాలా కూర్చుంటుంది. దాని కింద రాతి కాలువ కట్టను దాటి బయటికి వస్తుంది. కర్రకు వరసగా కన్నాలు, వాటిలో ఇనుప చీల. ఏ కన్నంలో చీల పెడితే కర్ర అంత ఎత్తున ఆగుతుంది. నిండు చెరువులో కర్ర ఎత్తాలంటే ఈదుకుంటూ పోవాలి, పై నీటి బరువుకు బిరడా బిగుసుకుని ఉంటుంది.

కొత్తవాళ్ళు చేసే తప్పేమిటంటే, మొదటి నెలలో ఎంత ఎత్తారో అంతే ఎత్తు పంట చివరిదాకా ఉంచడం. చెరువు నిండుగా ఉన్నప్పుడు ధార ఉరుకుతుంది. నీటి లోతు నాలుగో వంతుకు పడితే అదే కన్నంలోంచి వచ్చేది సగమే. కాబట్టి నీళ్ళు తగ్గేకొద్దీ బిరడాను ఇంకా పైకి లేపాలి. మొత్తం లేపినా చాలనప్పుడు వంతు గంటలు పెంచాలి. ఇంకో సంగతి, బిరడా అరిగితే రాత్రీపగలూ కారుతూనే ఉంటుంది. సెకనుకు ఒక్క లీటరు కారితే రోజుకు 86,400 లీటర్లు. ఎకరం మడిలో అంగుళం నీళ్ళు నిలపడానికి కావాల్సింది దాదాపు 1,02,800 లీటర్లు. అంటే రోజుకు ఎకరానికి అంగుళానికి కాస్త తక్కువ నీళ్ళు ఎవరి వంతూ కాకుండా పోతున్నట్టు. వేసవిలో చెరువు ఎండినప్పుడు పాత బిరడా తీసి కొత్తది చెక్కించడం అందుకే అన్నిటికన్నా ముందు చేసే పని.

వంతులు ఏడాది పొడుగునా ఉండేవి కావు. చెరువు నిండి అలుగు పోస్తున్నన్నాళ్ళూ ఎవరికి కావాల్సినంత వాళ్ళు పెట్టుకోవచ్చు. తూము మెట్లే కొలబద్ద. నీళ్ళు ఫలానా మెట్టు దిగాయంటే ఆ రోజు నుంచి వంతు మొదలు. ఆ మెట్టు ఏదో ముందే అనుకుని ఉండాలి. నీళ్ళు తగ్గాక కూర్చుని మాట్లాడుకుంటే ఎగువవాడు ఒప్పుకోడు.

లెక్క ఇలా ఉంటుంది. 40 ఎకరాల ఆయకట్టు, వారం తిరిగేసరికి అందరికీ ఒక తడి అందాలి. వారానికి 168 గంటలు. ఎకరానికి 4 గంటల చొప్పున 160 అయ్యాయి. మిగిలిన 8 గంటలు ఎవరివీ కావు, కాలువవి. ఎండిన మట్టికాలువ ముందు తాను తాగి గానీ నీటిని ముందుకు పోనివ్వదు. ఈ 8 గంటలు పక్కన పెట్టకపోతే ఆ నష్టమంతా చివరి మడివాడి నెత్తిన పడుతుంది. అందుకే సమయం తూము దగ్గర కాదు, మడి గండిని నీళ్ళు తాకినప్పటి నుంచి లెక్కపెట్టాలి. గడియారాలు లేని రోజుల్లో పగలు నీడను బట్టి, రాత్రి పిల్లలకోడి అనే చుక్కల గుంపును, వేగుచుక్కను బట్టి జాములు లెక్కగట్టేవాళ్ళు. జాముకు మూడు గంటలు. చేతి గడియారాలు వచ్చాక తగాదా నిమిషాల్లోకి దిగింది!

చివరి మడితో మొదలుపెట్టాలా, మొదటి మడితోనా? చివరితో మొదలుపెడితే కాలువ మొత్తం ఒక్కసారే తడుస్తుంది, ఆ తర్వాత పైకి వచ్చేకొద్దీ ప్రతివాడికీ నిండు ధార అందుతుంది. వంతు ముగిసి తూము మూశాక కాలువలో మిగిలినది ఎలాగూ కిందికే జారుతుంది, చివరివాడికి ఆ కొసరు. ఎగువతో మొదలుపెడితే చివరివాడి దాకా వచ్చేసరికి తూములో లోతు తగ్గి ధార సన్నబడి ఉంటుంది. అదే నాలుగు గంటలు, నీళ్ళు మాత్రం తక్కువ. వారం సరిగ్గా ఏడు రోజులైతే ఇంకో పేచీ ఉంది. అర్ధరాత్రి వంతు వచ్చినవాడికి ప్రతి వారమూ అర్ధరాత్రే వస్తుంది. తిరుగుడును ఏడున్నర రోజులకు మారిస్తే ఈసారి రాత్రి పెట్టినవాడికి వచ్చేసారి పగలు పడుతుంది. ఈ అరరోజు కిటుకు తెలియక విడిపోయిన పొత్తులున్నాయి.

ఒక్క లోపం మాత్రం గంటల లెక్కతో తీరేది కాదు. చెల్క నేల నాలుగు గంటలు తాగినా రెండో రోజుకు పొడిబారుతుంది, రేగడి నిలుపుకుంటుంది. సమానంగా పంచడం వేరు, సరిపోను పంచడం వేరు. చెల్కవాడి గొణుగుడు ఎప్పుడూ న్యాయమైనదే.

ఈ తిరుగుడంతా నడిపేది నీరటి. రాయలసీమలో నీరుగంటి అంటారు. తూము ఎత్తడం, దించడం, కాలువ వెంట తిరిగి దొంగగండ్లు పూడ్చడం, వానరాత్రి కట్ట మీద కాపలా, తెల్లారి ఎవడి మడిలో ఎంత నీళ్ళు నిలిచాయో చెప్పడం అతని పని. రైతు తన గండి తాను తెరుచుకోకూడదన్నదే అసలు నియమం. ఆయకట్టు కింద సొంత మడి లేని మనిషి అయితే ఎటూ మొగ్గడు. కూలి డబ్బుగా కాదు, పంట నూర్చాక కళ్ళంలోనే ఎకరానికి ఇంత అని గింజల్లో కొలిచి ఇచ్చేవాళ్ళు. అందులో ఒక తెలివి ఉంది. చివరి మడి ఎండితే అతని గింజలూ తగ్గుతాయి. ఇంత చేసినా, చాలా ఊళ్ళలో ఆ పని దళితుల మీదే వేశారు. ఊరికంతా నీళ్ళిచ్చే మనిషిని వయసు చూడకుండా "ఒరే" అని పిలిచారు. కళ్ళంలో కొలత తగ్గించినా అడగలేని స్థితిలో ఉంచారు. పాత రోజుల తీపి తలుచుకునేటప్పుడు ఇది దాటేస్తే అబద్ధం చెప్పినట్టే.

వానాకాలం పంట చేతికొచ్చాక తైబందీ. చెరువులో మిగిలిన నీళ్ళతో యాసంగికి ఎంత నేల సాగు చేయొచ్చో తేల్చడం. ఇది ఊహ మీద చేస్తే మార్చిలో వరి పొట్ట మీదుండగా తూము ఎండుతుంది. ఉజ్జాయింపు లెక్క ఒకటుంది, చిన్న చెరువులకు బాగానే పనికొస్తుంది. తూము గడప మీద నీళ్ళు 6 అడుగులు, నీళ్ళు పరుచుకున్న నేల 50 ఎకరాలు అనుకుందాం. 50ని 6తో గుణిస్తే 300. చెరువు పెట్టెలా ఉండదు, పళ్ళెంలా ఉంటుంది. అందుకని పదికి నాలుగు పాళ్ళే తీసుకోవాలి. 120 వస్తుంది, అంటే 120 ఎకరాల్లో అడుగు లోతు నిలిచేన్ని నీళ్ళు. యాసంగి ఎండకు, ఇంకుడుకు మూడో వంతు పోతుంది. మిగిలింది 80. వరికి కాలువ నష్టంతో కలిపి 5 అడుగులు కావాలి. 16 ఎకరాలు. అదే నువ్వులు, వేరుశనగ లాంటి ఆరుతడి పంట వేస్తే 2 అడుగులు చాలు, 40 ఎకరాలూ సాగవుతాయి. ఇందులో దాపరికం ఏమీ లేదు, కట్ట మీద కూర్చుని బొగ్గుతో బండ మీద వేసే లెక్కే.

కష్టం లెక్కలో లేదు, 16 ఎకరాలు ఎవరివన్న దాంట్లో ఉంది. తూముకు దగ్గరగా ఉన్న 16 ఎకరాలే సాగుచేసి, అందులోనే అందరికీ వాటా ఇస్తే కాలువ పొడుగు తగ్గుతుంది, నీళ్ళు దారిలో పోవు. ఎకరం ఉన్నవాడికి 16 గుంటలు వస్తాయి. శ్రీలంక చెరువుల కింద ఈ పద్ధతికి బెత్మ అని పేరే ఉంది. కానీ తన మడిలో ఇంకొకడు నాగలి పెడితే పట్టా పోతుందేమోనని ఎగువ రైతుకు భయం, పోసిన ఎరువు వాడికి పోతుందని బాధ. అది కుదరకపోతే ఎవడి ఎకరంలో వాడు 16 గుంటలు వేసుకోవాలి. అప్పుడు కాలువ చివరిదాకా పారాల్సిందే, 16 ఎకరాల నీళ్ళు 12కో 13కో వస్తాయి. పొత్తు కుదరకపోవడానికి ధర నీళ్ళలోనే కడతాం.

తూము గడప కింద మిగిలే నీళ్ళు సాగువాళ్ళవి కావు. అవి పశువులవి, చాకిరేవువి, చేపలవి. చేపలు పట్టేవాళ్ళు అడుగునీళ్ళు తోడొద్దని పట్టుబట్టేది అందుకే. ఇంజన్లు వచ్చాక ఆ అడుగునీళ్ళలోకి పైపులు దిగాయి.

చైత్ర వైశాఖాల్లో కట్ట పని. మనిషి కష్టం ఇంటికి ఒకరు చొప్పున వేస్తే అర ఎకరం వాడూ పదెకరాల వాడూ సమానంగా మొయ్యాలి, అది న్యాయం కాదు. 200 రోజుల కష్టం కావాలంటే 40 ఎకరాలకు ఎకరానికి 5 రోజులు. పదెకరాలవాడు 50 రోజుల మనుషుల్ని పంపాలి. భూమి లేనివాళ్ళను ఊరి పని పేరు చెప్పి ఉత్తినే పిలిస్తే దాని పేరు వెట్టి.

కట్టకు మట్టి పోయడంలో తప్పు చేయడం చాలా సులువు. గడ్డి చెక్కకుండా పాత కట్ట మీదే పొడిమట్టి గుమ్మరిస్తే మొదటి వానకే చర్మం ఊడినట్టు జారిపోతుంది. గడ్డి, వేర్లు చెక్కేసి, పాత మట్టిని మెట్లుమెట్లుగా తవ్వి, జానెడు మందాన పొరలుపొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టాలి. తడి సరిపోయిందో లేదో పిడికిట్లో తెలుస్తుంది. నొక్కితే ముద్ద కావాలి, కింద పడేస్తే రెండుమూడు ముక్కలు కావాలి. పొడిపొడిగా రాలితే తడి చాలలేదు, చేతికి అంటుకుంటే ఎక్కువైంది. కట్ట మీద ఈత, తాటి చెట్లు పరవాలేదు, వాటివి పీచువేర్లు. రావి, మర్రి మొలిస్తే మొక్కగా ఉండగానే పీకాలి. పెద్దయ్యాక చస్తే వాటి వేర్లు కుళ్ళి కట్టలో గొట్టాలు మిగులుతాయి.

ఇక బుంగ. ఎండ్రకాయ బొరియో, పందికొక్కు కన్నమో, కుళ్ళిన వేరో, నీళ్ళు దారి చేసుకుని కట్ట బయటివైపు ఊటలా వస్తాయి. మొదట చూడాల్సింది రంగు. తేటగా వస్తే కంగారు లేదు, కనిపెట్టుకుని ఉంటే చాలు. బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం, ఆ గంట నుంచి పరుగే. అప్పుడు అందరికీ తోచే పని బయటి కన్నంలో మట్టి కూరడం. అదే ప్రమాదం. లోపలి ఒత్తిడి పక్కకు తిరిగి ఇంకోచోట, ఇంకా పెద్దగా పగులుతుంది. బయట చేయాల్సింది నీటిని పోనిచ్చి మట్టిని ఆపడం. ఊట మీద ముందు ఇసుక, దాని మీద కంకర, పైన రాళ్ళు. చుట్టూ బస్తాలతో గుండ్రంగా ప్రహరీలా పేర్చితే లోపల నీళ్ళు ఎక్కి ఎదురు ఒత్తిడి ఇస్తాయి. మూసేది లోపలివైపు. నీటి మీద గడ్డిపరకలు వేస్తే సుడి తిరిగే చోట అవి గుమికూడతాయి, నోరు అక్కడే. గడ్డి, బంకమట్టి కలిపి కట్టిన మోపులు ఆ నోట్లోకి దించాలి. ఈ పని ఒక ఇల్లు చేయగలిగింది కాదు. డప్పు మోగితే ఊరంతా కట్ట మీదికి రావడానికి కారణం అంతే.

కట్ట పని ముగిసే నాటికి చెరువు అడుగున పేరుకున్న ఒండ్రు పంపకం. ఎకరంలో అంగుళం మందం పరచడానికి సుమారు 103 ఘనమీటర్లు కావాలి, వంద ఘనపుటడుగులు పట్టే ట్రాక్టరు ట్రాలీలతో 36. ఎర్రచెల్కకు, ఇసుక నేలకు ఇది మందులాంటిది. రేగడికి వేస్తే మురుగు దిగక వేర్లు కుళ్ళుతాయి. తోలే ముందు గాజుసీసాలో గుప్పెడు మట్టి, నీళ్ళు పోసి గిలకొట్టి పెట్టండి. నిమిషంలో అడుగుకు చేరింది ఇసుక. గంటల తరబడి పైన మబ్బుగా నిలిచిందే మనకు కావాల్సిన బంక. ఎక్కువ భాగం నిమిషంలోనే కూర్చుంటే డీజిల్ దండగ. తుంగ గడ్డలున్న చోటి మట్టి వద్దు, తుంగ చేలోకి వచ్చేస్తుంది. ఎండల్లోనే పరిచి, గడ్డలు ఎండి తొలకరికి విరిగాక దున్నాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎక్కడ ఆపాలో తెలియడం. పూడిక కింద జిగటమట్టి పొర తగలగానే తవ్వకం ఆగాలి. నీటిని నిలిపేది ఆ పొరే. కట్ట పాదం దగ్గర అసలు తవ్వకూడదు. ట్రిప్పుల లెక్కన డబ్బులిచ్చే చోట ఈ రెండూ ముందుగా మరుస్తారు.

ఇదంతా తనంతట తాను నడిచిందని కూడా అనుకోవద్దు. దశబంధం ఇనాములు, అంటే చెరువును కాపాడేవాళ్ళకు మాన్యాలు, ఇచ్చి చెరువు మరమ్మతు చేయించారు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఏకంగా చట్టం చేశారు, చెరువు తెగేలా ఉంటే ఊరివాళ్ళను పనికి బలవంతంగా రప్పించవచ్చని. ఆ చట్టాన్నే కుడిమరామత్తు, అంటే రైతులే చేసే మరమ్మతు, చట్టం అన్నారు. తర్వాత చెరువులు ప్రభుత్వ శాఖల చేతికి వెళ్ళాయి, ఊరికి అర్జీ పెట్టడం మిగిలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి, తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ వచ్చింది. పూడిక తీశారు, కట్టలు ఎత్తారు. నీరటి మాత్రం తిరిగి రాలేదు. ఎందుకంటే ఈలోగా ఎవడి చేలో వాడికి బోరు పడింది. బోరున్నవాడికి చెరువు నిండితే చాలు, తూముతో పని లేదు. మీటింగుకు రాడు, కాలువ పూడినా పట్టించుకోడు.

బోర్లు ఎండాక పాత లెక్కే ఇంకో వేషంలో వచ్చింది. అనంతపురం ప్రాంతంలో కొన్ని ఊళ్ళ రైతులు నీళ్ళున్న బోర్లను పైపులతో కలిపి, బోరు లేనివాళ్ళకూ తడి ఇస్తున్నారు, బదులుగా కొత్త బోరు వేయబోమని అందరూ మాట ఇచ్చుకున్నారు. అక్కడ వరి కుదరదు, ఆరుతడే. ఇలాంటి పైపు పొత్తులో తెగేవి మూడు చోట్లు. మోటారు కాలితే ఖర్చు బోరువాడిదా అందరిదా అన్నది ముందే రాసుకోకపోవడం ఒకటి. లైనులో గాలి బయటికి పోయే వాల్వు పెట్టక మెరక మడికి నీళ్ళెక్కకపోవడం రెండోది. మూడోది గేటువాల్వు తిప్పే తాళం. అది బోరున్నవాడి జేబులో ఉంటే అతను కోపం వచ్చిన రోజు తిప్పడు. బోరు లేనివాడి చేతిలో పెట్టి, నోటుపుస్తకంలో గంటలు రాయించాలి. అక్కడా అదే మాట వినపడుతుంది, ఈసారి ఫోన్లో: కరెంటు రాత్రి పదకొండుకు వస్తుందట, మన వంతు.